లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో శబ్దం: కారణం పట్టుకునే పద్ధతి, సరిచేసే పద్ధతి

స్పోర్ట్స్ కారు వెనక భాగం నుంచి శబ్దం మొదలైందంటే చాలామంది నేరుగా డిఫరెన్షియల్ విప్పించే ఆలోచనలో పడతారు. డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచుతూ, మలుపుల్లో అవి వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక; లిమిటెడ్ స్లిప్ రకం ఆ తేడాకు హద్దు పెట్టి (దీన్నే లాకింగ్ అంటారు), ఒక చక్రం జారినా రెండవదానికి బలం అందేలా చూస్తుంది. విప్పించేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ శబ్దం బండి మలుపు తిరిగేటప్పుడు మాత్రమే వస్తోందా, తిన్నగా పోతున్నప్పుడు కూడా వస్తోందా? డిఫరెన్షియల్ హౌసింగ్ లోపల నిజానికి రెండు వేర్వేరు యంత్రాంగాలు ఉంటాయి. మొదటిది ఇంజన్ బలాన్ని అందుకునే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్, వాటిని మోసే బేరింగులు. బండి కదిలినంతసేపూ ఇవి తిరుగుతూనే ఉంటాయి. రెండవది లిమిటెడ్ స్లిప్ యూనిట్. రెండు చక్రాల వేగాల్లో తేడా వచ్చినప్పుడే దాని లోపలి భాగాలు ఒకదానిమీద ఒకటి కదులుతాయి. కాబట్టి తిన్నటి రోడ్డు మీద ఏకధాటిగా వినిపించే ఊళకు లిమిటెడ్ స్లిప్ యూనిట్‌ను తప్పుపట్టడం దాదాపు ఎప్పుడూ పొరపాటే. అలాగే పార్కింగ్ స్థలంలో పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే గడగడకు క్రౌన్-పినియన్ మార్పించడం వృథా ఖర్చు.

మొదటి అడుగు: మీ కారులో ఉన్నది ఏ రకం?

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు పద్ధతుల్లో పనిచేసేవి ఉన్నాయి. క్లచ్ రకంలో ఘర్షణ ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చి ఉంటాయి. ఫోర్డ్ ముస్తాంగ్‌లో వచ్చిన ట్రాక్షన్-లాక్ ఈ కోవకు చెందినదే. గేర్ రకంలో ప్లేట్లు ఉండవు, హెలికల్ లేదా వార్మ్ గేర్ల మధ్య పుట్టే ఒరిపిడే టార్క్‌ను పంచుతుంది. టోర్సెన్, క్వైఫ్ ఈ రకం. మూడవది విస్కస్ రకం, సీలు వేసిన డబ్బాలో చిక్కటి సిలికాన్ ద్రవంతో పనిచేస్తుంది. ఇవి కాక ఎలక్ట్రానిక్ నియంత్రణతో క్లచ్ ప్యాక్‌ను నొక్కే కొత్త తరం యూనిట్లు కూడా ఉన్నాయి. కారు పేరు చూసి రకం ఊహించకూడదు. మాజ్డా ఎంఎక్స్-5 నే తీసుకుంటే, తొలి 1.6 లీటర్ల కార్లలో వచ్చిన లిమిటెడ్ స్లిప్ విస్కస్ రకం, 1994 మోడల్ నుంచి 1.8 లీటర్ల కార్లలో వచ్చింది టోర్సెన్. పాత బండి అయితే మునుపటి యజమాని యూనిట్‌ను మార్చి ఉండే అవకాశం కూడా ఉంది.

రకాన్ని స్థూలంగా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చదునైన నేల మీద ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండవ చక్రం కూడా అదే దిశలో గట్టిగా తిరిగితే లోపల ముందస్తు ఒత్తిడి (ప్లేట్లను ఎప్పుడూ నొక్కి ఉంచే స్ప్రింగు బలం) ఉన్న క్లచ్ రకం ఉన్నట్టు. ఎదురు దిశలో తిరిగితే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ కావచ్చు, గేర్ రకం కావచ్చు, లేదా పూర్తిగా అరిగిపోయిన క్లచ్ రకం కూడా కావచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: లిమిటెడ్ స్లిప్ ఉన్న కారులో ఒక్క చక్రాన్ని మాత్రమే లేపి ఇంజన్‌తో గేరు వేసి తిప్పే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు, ఎందుకంటే నేల మీద ఉన్న చక్రానికి కూడా బలం అంది బండి జాకీ మీంచి దూకేస్తుంది.

రెండవ అడుగు: రోడ్డు మీద వినడం

వినడానికి ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. తర్వాత వెనక టైర్లు రెండూ ఒకే కొలతవా, ఒకే మేరకు అరిగాయా అన్నది చూడాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఒక టైరు చుట్టుకొలత రెండవదానికంటే తక్కువగా ఉంటే తిన్నగా పోతున్నప్పుడు కూడా క్లచ్ ప్లేట్లు నిరంతరం ఒరుసుకుంటూ, వేడెక్కుతూ, నూనెను పాడుచేస్తూ ఉంటాయి. కొత్త ప్లేట్లు వేసిన కొద్ది నెలలకే మళ్లీ గడగడ మొదలైందని చెప్పే కార్లలో నేను ముందు చూసేది టేపుతో కొలిచిన టైర్ల చుట్టుకొలతే.

నునుపైన, వాహనాల రద్దీ లేని రోడ్డు మీద, నూనె బాగా వేడెక్కాక, అంటే కనీసం ఇరవై నిమిషాలు నడిపాక, శబ్దం వచ్చే వేగంలో మూడు స్థితులను వేరువేరుగా వినాలి: యాక్సిలరేటర్ నొక్కి బండిని లాగిస్తున్నప్పుడు, పూర్తిగా వదిలి ఇంజన్ బ్రేకింగ్‌లో దొర్లనిస్తున్నప్పుడు, ఈ రెంటికీ మధ్య వేగం పెరగకుండా తగ్గకుండా సన్నగా పట్టి ఉంచినప్పుడు. యాక్సిలరేటర్‌తో శబ్దం స్వభావం మారిపోతే అనుమానం క్రౌన్-పినియన్ మీదకు పోతుంది. లాగించినప్పుడు మాత్రమే వచ్చే కూత పళ్ల ఒక ముఖాన్ని, వదిలినప్పుడు మాత్రమే వచ్చే కూత రెండవ ముఖాన్ని సూచిస్తుంది. దొర్లేటప్పుడు గరుకుగా వినిపించే రొద వెనక తరచుగా పినియన్ బేరింగు వదులవడం ఉంటుంది. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా వేగంతో మాత్రమే పెరిగే హోరు, అందులోనూ రోడ్డు ఉపరితలం మారగానే మారిపోయేది, టైర్లదే. అదే వేగంలో బండిని మెల్లగా ఎడమకూ కుడికీ ఊపినప్పుడు ఎడమకు తిప్పితే శబ్దం పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే, బరువు పడేది కుడి చక్రం మీద కనుక ముందు కుడి చక్రం బేరింగును చూడాలి. ఒకే వేగంలో గేరు మార్చి చూడటం మరో మంచి పరీక్ష: ఇంజన్ వేగంతో పాటు శబ్దం మారితే అది ఇంజన్‌దో గేర్‌బాక్స్‌దో అవుతుంది, మారకపోతే వెనకదే.

చెవికి తోడు ఫోనును కూడా వాడుకోవచ్చు. శబ్దంలోని పౌనఃపున్యాలను గ్రాఫుగా చూపే యాప్ ఒకటి పెట్టుకుని చిన్న లెక్క కడితే చాలు. ఉదాహరణకు పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్ వీల్‌కు 41 పళ్లు ఉండి టైరు చుట్టుకొలత 1.95 మీటర్లు అనుకుంటే, గంటకు 70 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 10 సార్లు, పినియన్ 41 సార్లు తిరుగుతాయి, పళ్లు సెకనుకు సుమారు 410 సార్లు కలుసుకుంటాయి. గ్రాఫులో 410 హెర్ట్జ్ దగ్గర ఒక కొన కనిపించి, వేగం తగ్గిస్తే అదే నిష్పత్తిలో కిందికి దిగితే, కూస్తున్నది క్రౌన్-పినియన్ అని ఇంచుమించు నిర్ధారించవచ్చు.

ఇక మలుపుల పరీక్ష. ఖాళీ స్థలంలో నడక వేగంతో స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు వైపులా చుట్లు వేయాలి. బండి వెనక భాగం వణుకుతూ గడగడమనడం, లేదా లోపలి చక్రం గెంతుతున్నట్టు అనిపించడం క్లచ్ ప్యాక్ లక్షణం. టకటకమని లెక్కపెట్టగలిగేలా, చక్రం వేగాన్ని బట్టి వచ్చే శబ్దమైతే ముందు సీవీ జాయింటును, అంటే చక్రానికి బలం చేర్చే షాఫ్ట్ చివర వంగుతూ తిరిగే కీలును, చూడాలి. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా ఒక్కసారి 'టక్' మంటే కారణాలు అనేకం. అవి చాలావరకు డిఫరెన్షియల్ బయటే ఉంటాయి.

మూడవ అడుగు: కిందికి దూరి చూడటం

డిఫరెన్షియల్‌ను ఛాసీకి బిగించే రబ్బరు బుష్‌లు చిట్లితే హౌసింగ్ మొత్తం మెలితిరిగి టక్కుమంటుంది. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, రబ్బరు కప్లింగ్, మధ్య బేరింగు, యాక్సిల్ స్ప్లైన్లు చేత్తో కదిపి చూడాలి. యాక్సిల్ సీళ్ల దగ్గర, పినియన్ సీలు దగ్గర నూనె తడి ఉందేమో గమనించాలి. హౌసింగ్ పైన ఉండే చిన్న గాలి రంధ్రాన్ని, అంటే బ్రీదర్‌ను, చాలామంది మర్చిపోతారు. అది మట్టితో పూడిపోతే వేడెక్కిన గాలికి దారి లేక ఒత్తిడి సీళ్ల మీద పడి నూనె కారుతుంది, నూనె తగ్గితే శబ్దం మొదలవుతుంది. సీలు మార్చి బ్రీదర్ శుభ్రం చేయకపోతే కొత్త సీలు కూడా ఆ దారే పడుతుంది.

నాలుగవ అడుగు: నూనె

ఇంతవరకు వచ్చాక, శబ్దం ఏదైనా సరే, తర్వాతి పని నూనె తీసి చూడటమే. నూనె వేడిగా ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్నప్పుడు ఈ పని చేయాలి. ముందుగా పైనున్న నింపే ప్లగ్ వదులవుతోందో లేదో చూసుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్ జోలికి పోవాలి. నూనె మొత్తం వదిలేశాక నింపే ప్లగ్ పట్టేసిందని తెలిస్తే బండి కదలడానికి వీలుండదు.

డ్రెయిన్ ప్లగ్ చివర అయస్కాంతం ఉంటే దానిని కాగితం మీద తుడిచి, రెండు వేళ్ల మధ్య నలిపి చూడాలి. బూడిదరంగులో వెన్నలా జారే మెత్తటి ముద్ద మామూలు అరుగుదల. గింజల్లా గుచ్చుకునే రజను బేరింగుల అరుగుదలకు తొలి గుర్తు. గోటి అంచులాంటి పెంకులు, పంటి ముక్క ఆకారం గుర్తుపట్టగలిగే ముక్కలు కనిపిస్తే బండిని ఇక నడపకూడదు. అయస్కాంతానికి అంటని నల్లటి మడ్డి, దానితోపాటు కాలిన వాసన ఉంటే క్లచ్ ప్లేట్ల పూత పోతోందని అర్థం. నూనె పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి.

కొత్త నూనెను తయారీదారు మాన్యువల్ చెప్పిన గ్రేడు, ప్రమాణం ప్రకారమే ఎంచుకోవాలి. చాలా వెనక డిఫరెన్షియల్స్‌కు జీఎల్-5 ప్రమాణం, 75డబ్ల్యూ-90 గ్రేడు చెబుతారు. ట్రాక్ మీద నడిపే కార్లకు కొందరు తయారీదారులు 75డబ్ల్యూ-140 చెబుతారు. గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే నూనెను పంచుకునే ట్రాన్సాక్సిల్ అయితే మరింత జాగ్రత్త కావాలి. గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులు పనిచేసేదే ఒరిపిడి మీద కాబట్టి, ఒరిపిడిని మార్చే రసాయనం అక్కడ గేర్లు పడకుండా చేయగలదు; జీఎల్-5 లోని గంధక సమ్మేళనాల్లో కొన్ని ఇత్తడి, కంచు భాగాలకు హాని చేయగలవు. నింపే రంధ్రం అంచు నుంచి నూనె సన్నగా కారేవరకు నింపి, కొత్త వాషర్లతో ప్లగ్‌లు బిగిస్తే పని పూర్తవుతుంది.

ఐదవ అడుగు: క్లచ్ గడగడ, ఫ్రిక్షన్ మాడిఫయర్

క్లచ్ ప్లేట్లు ఎందుకు గడగడమంటాయో తెలిస్తే మందు మోతాదు కూడా తెలుస్తుంది. సాధారణ గేర్ నూనెలో ప్లేట్లు అంటుకుని ఉన్నప్పుడు ఒరిపిడి ఎక్కువగా, జారడం మొదలయ్యాక తక్కువగా ఉంటుంది. అందువల్ల ప్లేట్లు పట్టుకుంటాయి, ఒక్కసారిగా వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని ఇదే. సెకనుకు అనేకసార్లు జరిగే ఈ పట్టు-విడుపు యాక్సిళ్ల ద్వారా బండి అంతటికీ పాకుతుంది. ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే ఒరిపిడిని మార్చడానికి నూనెలో కలిపే రసాయనం; దాని అణువులు లోహపు ఉపరితలం మీద పలుచటి పొరగా అతుక్కుని, నెమ్మదిగా జారేటప్పుడు ఒరిపిడి తక్కువగా ఉండి, జారే వేగం పెరిగేకొద్దీ పెరిగేలా చేస్తాయి. అప్పుడు ప్లేట్లు నునుపుగా జారతాయి. వేడికి, కాలానికి ఈ పొర నశిస్తుంది కనుకనే నిన్నటిదాకా నిశ్శబ్దంగా ఉన్న యూనిట్ ఇవాళ మొదలుపెడుతుంది.

సీసా మీద లిమిటెడ్ స్లిప్‌కు తగినదని రాసి ఉన్న నూనెలో మాడిఫయర్ ముందే కలిసి ఉంటుంది, అటువంటి నూనె పోసినప్పుడు మొదట అదనంగా ఏమీ కలపకూడదు. విడిగా దొరికే సీసా చాలా సందర్భాల్లో 4 ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు ఉంటుంది. దానిని ఒక్కసారిగా ఒంపేయడం నాకు నచ్చని అలవాటు. మాన్యువల్‌లో మోతాదు చెప్పి ఉంటే దానిని పాటించాలి. లేకపోతే పావు భాగం కలిపి, ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా పది పదిహేను చుట్లు వేసి, నూనె ప్లేట్ల మధ్యకు చేరాక, ఒకటి రెండు రోజులు మామూలుగా నడిపి, శబ్దం మిగిలి ఉంటేనే మరికొంత కలపాలి. ఎక్కువైతే శబ్దం పోవడంతోపాటు లాకింగ్ శక్తి కూడా పోతుంది, డబ్బు పెట్టి కొన్న లిమిటెడ్ స్లిప్ ఓపెన్ డిఫరెన్షియల్‌లా ప్రవర్తిస్తుంది. అక్కడి నుంచి వెనక్కి రావడానికి నూనె మళ్లీ మార్చడం తప్ప దారి లేదు. కలిపినంత నూనెను ముందుగా తీసేయడం కూడా మరువకూడదు.

పోటీల కోసం తయారైన, ముందస్తు ఒత్తిడి ఎక్కువగా ఉన్న టూ-వే యూనిట్లు (యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ లాక్ అయ్యేవి) ఎంత మంచి నూనె పోసినా నెమ్మది మలుపుల్లో కొంత గడగడమంటూనే ఉంటాయి. అది లోపం కాదు, వాటి స్వభావం. టోర్సెన్ వంటి గేర్ రకాలకు సాధారణంగా మాడిఫయర్ అవసరం లేదు. వాటి లాకింగ్ అంతా ఒరిపిడి మీదే ఆధారపడింది కాబట్టి కలిపితే నష్టమే. విస్కస్ యూనిట్ సీలు వేసిన డబ్బా కావడం వల్ల బయటి నూనెలో ఏం కలిపినా లోపలికి చేరదు. అది బిగుసుకుపోయి మలుపుల్లో చక్రాలను గెంతిస్తుంటే యూనిట్‌నే మార్చాలి.

ఆరవ అడుగు: విప్పకముందే కొలవాలి

నూనె మార్చినా, మోతాదు సరిచేసినా శబ్దం పోకపోతే ప్లేట్ల పట్టును కొలవాలి. ఒక వెనక చక్రం నేల మీద ఉంచి, రెండవది లేపి, ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, మిగతా చక్రాలకు దిమ్మెలు పెట్టి, లేపిన వైపు హబ్ మధ్యలో టార్క్ రెంచ్ తగిలించి నెమ్మదిగా తిప్పాలి. కదలడం మొదలైన క్షణపు సంఖ్యను కాక, స్థిరంగా తిరుగుతున్నప్పటి సంఖ్యను మాన్యువల్‌లోని కనీస విలువతో పోల్చాలి. తక్కువ వస్తే ప్లేట్లు అరిగాయి; తిరగడంలో కుదుపులుంటే అవి కాలి వంకరపోయాయి.

క్రౌన్-పినియన్ మీద అనుమానం ఉంటే వెనక మూత తీసిన వెంటనే, ఏ బోల్టూ వదులుచేయకముందే డయల్ గేజ్‌తో బ్యాక్‌లాష్, అంటే కలుసుకునే పళ్ల మధ్య ఉండే సందు, చూడాలి. కార్లలో ఇది చాలావరకు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన పరిమితి మాన్యువల్‌దే. క్రౌన్ వీల్ చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలిచి, సంఖ్యలు ఒకదానికొకటి బాగా తేడాగా ఉంటే క్రౌన్ వీల్ వంకరగా తిరుగుతోందేమో చూడాలి. తర్వాత పళ్లకు గుర్తులు పట్టే రంగు ముద్ద పూసి, క్రౌన్ వీల్‌కు కాస్త అడ్డు పట్టి తిప్పి, పంటి మీద పడిన ముద్రను చూడాలి. ముద్ర పంటి లోపలి సన్నటి కొస వైపు పడితే క్రౌన్ వీల్ పినియన్‌కు మరీ దగ్గరగా ఉంది, దానిని దూరం జరపాలి. బయటి లావు కొస వైపు పడితే దగ్గరకు జరపాలి. పంటి శిఖరం మీద పడితే పినియన్ దూరంగా ఉంది, మొదలు లోతుల్లో పడితే మరీ లోపలికి పోయింది. వీటిని పినియన్ షిమ్ (సందు సర్దడానికి వేసే పలుచటి లోహపు బిళ్ల) మందం మార్చి సరిచేస్తారు.

ఇక్కడ నిర్మొహమాటంగా చెప్పవలసిన విషయం ఒకటుంది. చాలాకాలం తప్పు ముద్రతో తిరిగి అరిగిన పళ్లను కొత్త షిమ్‌లతో సరైన చోట కూర్చోబెట్టినా కూత పోకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. క్రౌన్, పినియన్ జంటగా నూరి తయారుచేసినవి కాబట్టి మార్చితే రెంటినీ కలిపే మార్చాలి. కూత సన్నగా ఉండి, నూనెలో పెంకులు లేక, బ్యాక్‌లాష్ పరిమితిలో ఉంటే, దాన్ని అలాగే వదిలేయమనే నేను చెబుతాను.

ఏడవ అడుగు: విప్పడం, కూర్చడం

బేరింగు క్యాపులకు ఎడమ కుడి గుర్తులు కొట్టాకే వాటిని తీయాలి. అవి హౌసింగ్‌తో కలిపి బోరు చేసినవి, తారుమారైతే బేరింగు సరిగా కూర్చోదు. షిమ్‌లు ఏ వైపువి ఆ వైపే కట్టి ఉంచాలి. యూనిట్ విప్పేటప్పుడు ప్లేట్లను తీసిన వరుసలోనే గుడ్డ మీద పరచి ఫొటో తీసుకుంటే తర్వాత తగువు ఉండదు. ఒక్కో ప్లేటు మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, చదునైన గాజు పలక మీద పెట్టి వంకర చూడాలి. నీలిరంగు తిరిగిన ఉక్కు ప్లేటు వేడికి పాడైనట్టే. స్ప్రింగ్ వాషర్లు, ప్రెషర్ రింగుల వాలు ముఖాలు, వాటిని నెట్టే అడ్డ షాఫ్ట్ మీద గుంటలు పడ్డాయేమో చూడాలి. గుంటలున్న ముఖం మీద కొత్త ప్లేట్లు వేసినా పట్టు కుదుపులతోనే వస్తుంది.

కొత్త ఘర్షణ ప్లేట్లను బిగించేముందు మాడిఫయర్ కలిసిన అదే నూనెలో కనీసం అరగంట నానబెట్టాలి, వీలైతే రాత్రంతా ఉంచాలి. పొడిగా వేసిన ప్లేట్లు మొదటి కొన్ని మలుపుల్లోనే కాలిపోతాయి. ప్యాక్ మొత్తం మందాన్ని కొలిచి, షిమ్‌లతో మాన్యువల్ చెప్పిన సందుకు తేవాలి.

పినియన్ విప్పిన సందర్భంలో, దాని రెండు బేరింగుల మధ్య ఉండి నట్టు బిగించేకొద్దీ నలిగే స్లీవును తప్పక కొత్తది వేయాలి. నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్‌ను తిప్పి బేరింగులను కూర్చోనిస్తూ, తిరిగేందుకు పట్టే టార్క్‌ను చిన్న కొలతల రెంచ్‌తో చూడాలి. పరిమితి దాటిపోతే నట్టును వెనక్కి వదులు చేసి సర్దుకుందామనుకోకూడదు, ఒకసారి నలిగిన స్లీవు తిరిగి నిలబడదు. మళ్లీ కొత్త స్లీవుతో మొదలుపెట్టాలి. కొత్త బేరింగులకు, వాడిన బేరింగులకు ఈ టార్క్ వేర్వేరుగా ఉంటుంది. చివరగా క్రౌన్ వీల్ బోల్టులను ఎదురెదురుగా, దశలవారీగా, చెప్పిన టార్క్‌కు బిగించాలి.

కొత్త క్రౌన్-పినియన్ వేసినప్పుడు మొదటిసారి పావుగంట ఇరవై నిమిషాలు నిదానంగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇదే పద్ధతిని మరి రెండు మూడుసార్లు చేయాలి. ఆ దశలో గట్టిగా లాగించడం, బరువులు లాగడం పనికిరావు. కొత్త ప్లేట్లకైతే ఎనిమిది అంకె చుట్లు రెండు దిశల్లోనూ వేయాలి. రెండు సందర్భాల్లోనూ సుమారు 800 కిలోమీటర్ల దగ్గర మొదటి నూనె తీసేయాలి. అప్పుడు అయస్కాంతం మీద మామూలుకంటే ఎక్కువ బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. ఆ ముద్దలో వేలికి తగిలే ముక్క ఒక్కటి కనిపించినా మాత్రం, శబ్దం వినిపించకపోయినా, మూత మళ్లీ తీసి బ్యాక్‌లాష్ కొలవాలి.